పర్లాకిమిడిలో మొదటి రోజు చేపలు అమ్మని అక్వేరియం దుకాణం

పర్లాకిమిడి బజారు వెనక సందులో, సైకిళ్లు బాగుచేసే షెడ్డు పక్కన, ఒకే ఒక్క గదిలో నడిచే దుకాణం ఇది. బోర్డు మీద ఒడియాలోనూ తెలుగులోనూ రంగు చేపలు, గాజు తొట్లు అని రాసి ఉంటుంది. కొత్తగా తొట్టి పెట్టుకునేవారికి ఇక్కడ మొదటి రోజు చేపలు అమ్మరు. ఎంత బతిమాలినా అమ్మరు. తొట్టి, ఇసుక, గాలి మోటారు ఇచ్చి పంపించి, నీరు సిద్ధమయ్యాక రమ్మంటారు. తక్కువ ఖర్చుతో ఇంట్లో అక్వేరియం పెట్టుకోవాలనుకునే ఎవరికైనా నేను ఈ దుకాణం పేరే చెబుతున్నాను. అందుకు మొదటి కారణం ఇదే.

నేను ఈ ఊళ్లోనే రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో ల్యాబు పని అంటే ఏళ్ల తరబడి మలేరియా స్లైడ్లు చూడడమే. అందువల్ల చేపల్లో నాకు బాగా తెలిసినది దోమ పిల్లలను తినడానికి గుంటల్లో వదిలే గంబూసియా ఒక్కటే. మా అబ్బాయి అక్వేరియం కావాలని అడిగినప్పుడు ఖర్చు మూడు వేలు దాటకూడదని ఇంట్లో అనుకున్నాం. అంతకు ముందే ఒక పెద్ద నగరంలో మా ఆడపడుచు కొన్న సెట్టు ఎలా ముగిసిందో మాకు తెలుసు. గుండ్రటి గాజు గిన్నె, రెండు గోల్డ్ ఫిష్, రంగురాళ్లు, ఒక ప్లాస్టిక్ కోట. వారం తిరగకుండా చేపలు చచ్చిపోతే, అమ్మినవారు అలాంటి చేపలే మళ్లీ ఇచ్చి మళ్లీ డబ్బు తీసుకున్నారు. గోల్డ్ ఫిష్ పెద్దయితే జానెడు దాటుతుంది, విసర్జించే మలినమూ ఎక్కువే. నాలుగు లీటర్ల నీటిలో దాన్ని బతికించడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి అమ్మేవారికి తెలియదంటే నేను నమ్మను.

ఈ దుకాణం యజమానికి అరవై పైబడి ఉంటాయి. ఒడియా వాళ్లు మౌసా అంటారు, మన వాళ్లు బాబాయిగారు అంటారు. నేను వెళ్లగానే ఏ చేప కావాలని ఆయన అడగలేదు.

"తొట్టి ఎక్కడ పెడతారమ్మా? కింద ఏముంది? కిటికీకి ఎంత దూరం?" అని అడిగారు. ఆ తర్వాత, "మీరు వాడేది బోరు నీరా, మున్సిపాలిటీ కుళాయి నీరా?" అన్నారు.

రోగి చెప్పేది వినకుండా మందు రాసేవారిని చాలామందిని చూశాను. ఈయన ముందు వివరాలు రాసుకున్నారు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

నేను అడుగు పొడవున్న చిన్న తొట్టి చాలనుకుని వెళ్లాను. ధర తక్కువ, చోటూ తక్కువ పడుతుంది. ఆయన మాత్రం రెండు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్నదే తీసుకోమన్నారు. రెండు ఘనపుటడుగులంటే 56 లీటర్లు. ఇసుక పోసి, అంచు దాకా నింపకుండా వదిలితే 45 లీటర్ల నీరు నిలుస్తుంది. అదే చిన్న తొట్టిలో పన్నెండు లీటర్లు పట్టడం కష్టం. చేప వదిలే అమ్మోనియా అనే విషం రెండింటిలోనూ ఒకటే. కలిసే నీరు నాలుగింతలైతే గాఢత నాలుగో వంతుకు తగ్గుతుంది. ఒక పూట మేత ఎక్కువ పడినా, ఒక వారం నీళ్లు మార్చడం కుదరకపోయినా పెద్ద తొట్టి తట్టుకుంటుంది. ఎండాకాలంలో నీరు అంత త్వరగా వేడెక్కదు కూడా. మొదటిసారి పెట్టుకునేవారు డబ్బు ఆదా చేయాలనుకుంటే బొమ్మల దగ్గర, రంగురాళ్ల దగ్గర చేయాలి. నీటి పరిమాణం దగ్గర పిసినారితనం పనికిరాదు.

తొట్లు ఆయనే కడతారు. అయిదు మిల్లీమీటర్ల అద్దం, పైన రెండు చివరలా అడ్డపట్టీలు. వాడేది అక్వేరియంకు పనికొచ్చే సిలికాన్. స్నానాల గదుల్లో బూజు పట్టకుండా మందు కలిపి అమ్మే రకం చేపలకు విషమని, దానితో అతుకు వేసిన తొట్టి ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా కొనవద్దని చెప్పారు. అతుకు వేసిన రెండు రోజుల తర్వాత నీళ్లు నింపి, కింద పాత వార్తాపత్రిక పరిచి, ఒక రాత్రి ఉంచి చూపించాకే డబ్బు తీసుకున్నారు. కాగితం మీద చుక్క తడి లేదు. దీనికి 1,150 రూపాయలు. అతుకులు పెళ్లి ఇంటి తొందరలో చేసినట్టు కాకుండా సన్నగా, ఒకే వెడల్పులో ఉన్నాయి.

నీళ్లు నిండిన తొట్టి డెబ్బై కిలోల దాకా తూగుతుందని, ప్లైవుడ్ బల్ల మీద పెట్టవద్దని కూడా ఆయనే హెచ్చరించారు. మా హాల్లో గోడకు కట్టిన రాతి పలక ఉంది కాబట్టి స్టాండు ఖర్చు తప్పింది. అడుగున థర్మాకోల్ షీటు వేయించారు. పలకలో ఎక్కడైనా చిన్న ఎగుడుదిగుడు ఉంటే బరువంతా ఆ ఒక్కచోటే పడి అద్దం పగలకుండా అది కాపాడుతుంది.

ఫిల్టరు విషయంలో ఈయన సలహా బంగారం. నేను ఫోనులో చూసిన రకరకాల మోటారు ఫిల్టర్లు ఎనిమిది వందలు, వెయ్యి రూపాయలు. ఆయన 130 రూపాయల స్పాంజి ఫిల్టరు, 220 రూపాయల గాలి మోటారు చేతిలో పెట్టారు. మోటారు పంపే గాలి బుడగలు పైకి లేస్తుంటే నీరు స్పాంజిలోంచి లాగబడుతుంది. చెత్త ఆగిపోతుంది, పైన నీరు కదిలి ప్రాణవాయువు కలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, స్పాంజి రంధ్రాల్లో ఆ అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. దాన్ని కుళాయి కింద కడగకూడదు. తొట్టిలోంచి తీసిన నీటిలోనే మెల్లగా పిండాలి. క్లోరిన్ తగిలితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. గాలి గొట్టానికి చిన్న నాన్ రిటర్న్ వాల్వు కూడా వేసి ఇచ్చారు. కరెంటు పోయినప్పుడు నీరు గొట్టంలోంచి వెనక్కి వచ్చి మోటారులోకి, నేల మీదకి పారకుండా అది ఆపుతుంది. పది రూపాయల వస్తువే అయినా దీన్ని అడిగి తీసుకోండి, చాలా దుకాణాల్లో ఇవ్వరు.

ఇక ఆ ఎదురుచూపు సంగతి. చేపల మలినం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా తయారవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషం. నైట్రేట్ కొంతవరకు పరవాలేదు, మొక్కలు పీల్చుకుంటాయి, మిగిలినది నీళ్లు మార్చినప్పుడు పోతుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు, పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజే చేపలు వేస్తే అవి తమ మలినంలోనే కాలిపోతాయి. మా ఆడపడుచు ఇంట్లో జరిగింది అదే.

అందుకని ఆయన చెప్పినట్టు చేపలు లేని తొట్టిలో రోజూ చిటికెడు మేత వేశాం, అది కుళ్లి అమ్మోనియా పుట్టాలి కదా. మా అత్తయ్యగారు దగ్గరకు వచ్చి, "చేపలే లేవు, మేత ఎవరికే?" అన్నారు. విషయం వివరంగా చెప్పాక ఆ పని ఆవిడే తన చేతిలోకి తీసుకున్నారు. దుకాణంలో ఏళ్లుగా నడుస్తున్న తొట్టి స్పాంజిని పిండి, ఆ మురికి నీటిని ఒక సీసాలో పోసి బాబాయిగారు ఉచితంగా ఇచ్చారు. ల్యాబులో కల్చర్ వేసి బ్యాక్టీరియా పెంచే పద్ధతి తెలిసిన నాకు ఆ సీసా ఎంత విలువైనదో వెంటనే అర్థమైంది. బ్యాక్టీరియా అంటూ సీసాల్లో అమ్మే మందుకు మూడు వందలు పెట్టాల్సిన పని లేకుండా పోయింది.

ఈ దుకాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన సేవ నీటి పరీక్ష. మీ తొట్టి నీరు సీసాలో తీసుకెళితే 20 రూపాయలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ చూస్తారు. పరీక్షగొట్టంలో చుక్కలు వేసి, గడియారం చూసి, రంగును అట్ట మీది రంగులతో పోలుస్తారు. అమ్మోనియా లేకపోతే పసుపు, ఉన్నకొద్దీ ఆకుపచ్చ. నేను పక్కన నిలబడి చూశాను. గొట్టాన్ని ముందు అదే నీటితో తొలిచారు, చెప్పిన నిమిషాలు పూర్తిగా ఆగారు, వెలుతురు దగ్గరకు తీసుకెళ్లి చూశారు. మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు ఇంత ఓపిక ఉంటే ఎంత బాగుండునో! పూర్తి పరీక్ష కిట్టు కొనాలంటే ఒక తొట్టి ఖరీదంత అవుతుంది. మాలాంటివారికి ఈ ఇరవై రూపాయల పద్ధతే సరైనది. మొదట్లో నీరు ముదురు ఆకుపచ్చ చూపించింది, తర్వాత నైట్రైట్ పెరిగింది, నెల దాటాక రెండూ సున్నాకు వచ్చాయి. అప్పుడు గాని చేపలు ఇవ్వలేదు.

మాది బోరు నీరు. బకెట్లకు తెల్లటి పొర కట్టే గట్టి నీరు. అక్వేరియంకు ఆర్వో నీరు వాడమని కొందరు నాకు చెప్పారు. ఆయన అవసరం లేదన్నారు. ఖనిజాలన్నీ తీసేసిన నీరు గప్పీ, మోలీ లాంటి చేపలకు మంచిది కాదు, అవి గట్టి నీటిలోనే హాయిగా ఉంటాయి. బోరు నీటిని ఒక రాత్రి బకెట్లో గాలి మోటారు పెట్టి ఉంచి వాడమన్నారు. కుళాయి నీరు వాడేవారికి క్లోరిన్ పోగొట్టడానికి హైపో స్ఫటికాల పొట్లం ఇస్తారు, పాత రోజుల్లో ఫొటో స్టూడియోల్లో వాడిన హైపోనే. ఒక్క జాగ్రత్త మాత్రం నా తరఫున చెబుతాను. గట్టి నీటిలో సాధారణంగా పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, ఎక్కువగా ఉంటుంది. పీహెచ్, వేడి పెరిగినకొద్దీ అదే మోతాదు అమ్మోనియా మరింత విషమవుతుంది. బోరు నీరు వాడేవారు ఎండాకాలంలో పరీక్ష మానకూడదు.

చేపల ఎంపికలోనూ ఆయన మా ఖర్చు తగ్గించారు. పదిహేను రూపాయల జీబ్రా చేపలు ఎనిమిది, మగ గప్పీలు ఆరు. జీబ్రా మన దేశపు వాగుల చేపే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే వైద్యుడు దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. దీని పిండం పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఇప్పుడు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. మా అబ్బాయికి ఇది చెప్పినప్పటి నుంచి వాటిని శాస్త్రవేత్తల చేపలు అంటున్నాడు. చలికాలంలో హీటరు లేకుండా ఇవి మా హాల్లో బాగానే ఉన్నాయి. గప్పీల్లో మగవే ఎందుకంటే, ఆడ గప్పీ ఒక్కసారి కలిస్తే నెలల తరబడి విత్తనాన్ని దాచుకుని మళ్లీ మళ్లీ పిల్లలు పెడుతుంది. ఒక్క ఆడ చేప తెచ్చుకున్నా తొట్టి నిండిపోతుంది. చేపల సంచులు ఎక్కువగా కలకత్తా వైపు నుంచి రైల్లో వస్తాయట. వచ్చిన సరుకును కొన్నాళ్లు వెనక తొట్లలో ఉంచి, జబ్బు లేదని చూశాకే ముందుకు తెస్తారు. ఆ తొట్ల మీద సుద్దతో తేదీ రాసి ఉంటుంది.

ఆయన అమ్మనివి చెబితే ఈ దుకాణం సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. నేను ఉండగానే పాతపట్నం నుంచి వచ్చిన ఒకాయన షార్క్ పిల్లలు అడిగారు. వెండి రంగులో, వేలెడంత ఉండే ఆ చేప మన మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే పంగస్సే. అది గజం పైన పెరుగుతుంది. బాబాయిగారు ఆ మాట చెప్పి, "ఇంట్లో వద్దండీ, చెరువు ఉంటే చెప్పండి" అన్నారు. అద్దం శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ చేప కూడా ఉంచరు. అది అడుగు దాటి పెరుగుతుంది. పెంచలేనివారు తీసుకెళ్లి నదిలో వదిలేస్తారు. ఆంధ్రాలో చెరువులు, నదుల్లోకి చేరిన ఆ చేప మత్స్యకారుల వలలు చింపుతోంది. మన మహేంద్రతనయ నదిలోకి దాన్ని నా చేతుల మీదుగా రానివ్వనని ఆయన అన్నారు.

ఇంకొకటి రంగు ఎక్కించిన గాజు చేపలు. మన దేశపు చెరువుల్లోనే దొరికే చిన్న చేప అది. ఒళ్లంతా పారదర్శకం, ముల్లు కూడా కనిపిస్తుంది. దాని వీపులోకి సూదితో గులాబీ, ఆకుపచ్చ రంగులు ఎక్కించి కొందరు అమ్ముతున్నారు. కొన్ని నెలలకు ఆ రంగు పోతుంది, గాయం నుంచి జబ్బు పట్టి చాలా చేపలు అంతకు ముందే పోతాయి. రోజూ సూది పట్టుకునే చేయి నాది. నొప్పి తెలియకుండా రక్తం తీయడం నేర్చుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది. వేలెడు లేని జీవికి అందం కోసం సూది గుచ్చడం తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. వాటిని అడిగి వచ్చిన కాలేజీ పిల్లలకు ఆయన రంగు లేని అసలు గాజు చేపనే చూపించారు, దీపం ముందు ఎలా మెరుస్తుందో చూడమన్నారు. వాళ్లు కొన్నారు కూడా.

లోపాలూ ఉన్నాయి. తొట్టి మీది మూతలు ఏమీ బాగాలేవు. పల్చటి రేకు, ఆవిరికి త్వరగా తుప్పు పడుతుంది. నేను మూత కొనకుండా దోమతెర చట్రం వేయించుకున్నాను, జీబ్రాలు ఎగిరి దూకే రకం కాబట్టి ఏదో ఒకటి ఉండి తీరాలి. మొక్కలు ఆరోగ్యంగానే ఉంటాయి గాని వాటితో నత్తలు వస్తాయి. వేసే ముందు బాగా కడిగి, ఆకు ఆకూ తిప్పి చూసుకోవాలి. గాలి మోటారు గీ అంటూ శబ్దం చేస్తుంది, మడతపెట్టిన గుడ్డ మీద పెడితే తగ్గింది. మోటారు పాడైతే మార్చి ఇవ్వరు. ఈ విషయంలో ఆయన కొంచెం పట్టు సడలించాలి, కనీసం నెల రోజుల హామీ అయినా ఇవ్వాలి. మేత డబ్బాలు ఇంటర్నెట్‌లో కంటే పది, పదిహేను రూపాయలు ఎక్కువ. రసీదు ఒడియాలో రాస్తారు, చదవలేనివారు వస్తువుల పేర్లు అడిగి పక్కన తెలుగులో రాసుకుంటే మంచిది.

అన్నీ కలిపి మాకు 2,700 రూపాయల లోపే అయింది. ఇందులో తొట్టి, ఫిల్టరు, మోటారు, ఇసుక, ఎల్ఈడీ దీపం, మొక్కలు, చేపలు, మేత, నీరు లాగే గొట్టం, నీటి పరీక్షలు అన్నీ ఉన్నాయి. ఇసుక కట్టడాలకు వాడేదే. ఆయన చెప్పినట్టు దాని మీద నిమ్మరసం పిండి చూశాం, బుడగలు వస్తే సున్నం ఉన్నట్టు. రాలేదు. నీరు తేటపడేదాకా కడిగి వేశాం. కరెంటు ఖర్చు కూడా లెక్క వేశాను. మూడు వాట్ల మోటారు రోజంతా, తొమ్మిది వాట్ల దీపం ఎనిమిది గంటలు నడిస్తే నెలకు నాలుగు యూనిట్ల పైచిలుకు. దీపం అంతకంటే ఎక్కువసేపు వేస్తే అద్దానికి నాచు పడుతుంది.

కరెంటు అంటే మా జిల్లాలో తుఫాను గుర్తుకు రాకమానదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ మమ్మల్ని రోజుల తరబడి చీకట్లో ఉంచింది. అలాంటప్పుడు ఏం చేయాలని అడిగితే ఆయన ఖరీదైన బ్యాటరీ మోటారు అంటగట్టలేదు. మగ్గుతో తొట్టి నీటినే ఎత్తి కొంచెం పైనుంచి పోస్తూ ఉండమన్నారు, గాలి కలుస్తుంది. మేత పూర్తిగా ఆపేయమన్నారు. ఎదిగిన చేపలు కొన్ని రోజులు తినకపోయినా బతుకుతాయి, కాని తిండి వేస్తే మలినం పెరిగి, ఫిల్టరు ఆగిన నీటిలో అదే ప్రాణం తీస్తుంది. స్పాంజిని మాత్రం ఎండనివ్వకూడదు.

వారానికి ఒకసారి నాలుగో వంతు నీరు తీసి కొత్తది పోస్తున్నాం. ఆ తీసిన నీరు అత్తయ్యగారి గులాబీ కుండీలకు వెళుతుంది. పది లీటర్ల బకెట్టు, అరగంట పని.

దుకాణం గురువారం మూసి ఉంటుంది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు దాకా కూడా తలుపు వేస్తారు. సాయంత్రం వెళితే రద్దీ, నీటి పరీక్ష కావలసినవారు ఉదయమే వెళ్లాలి. పరీక్షకు తీసుకెళ్లే సీసాను సబ్బుతో కడగకండి, తొట్టి నీటితోనే మూడుసార్లు తొలిచి, మూత దాకా నింపి, అదే రోజు ఇచ్చేయండి. చిన్న తొట్టి చాలని మీకు అనిపించినా, ముందు ఆయన చెప్పేది వినండి.